దోనె పాట

చేపల కత్తి పదును నూకరత్నం తన బొటనవేలి మీదే చూసుకుంది. రక్తపు చుక్క పైకి తేలింది. ఇది చాలనుకుని కత్తిని వల మడతల్లో దాచింది.

ఏలూరులో ఆ సాయంత్రం గంగరాజు నాటకం. డేరా లోపల ఈగ దూరే సందు లేదు. కొల్లేటి ఆడవాళ్ళ వేషాలకు అచ్చంగా కొల్లేటి ఆడవాళ్ళే ఉంటే రక్తి కడుతుందని కాంట్రాక్టరు హనుమంతరావు ఆ పూటకి కొల్లేటికోట నుంచి కొందరిని లారీలో తెచ్చాడు. నూకరత్నం పిలవకుండానే ఎక్కి కూర్చుంది.

"ఏమ్మా, గుర్తుందా? దోనె పాట అవగానే అందరూ వెళ్ళి గంగరాజుగారి మీద వల కప్పెయ్యండి. అంతే. నోరు విప్పక్కర్లేదు," అన్నాడు హనుమంతరావు.

"నోరెందుకండీ, చేతులు చాలవేంటి," అంది నూకరత్నం.

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు.

గంగరాజంటే ఈ చుట్టుపక్కల పద్యాల గంగరాజు. రాగం ఎత్తుకుంటే డేరా గుంజలు అదిరేవి. రాజు వేషం కట్టి తొడ కొడితే ముందు వరస పిల్లలు దడుచుకుని ఏడ్చేవారు. అలాంటివాడు నాటక సమాజాన్ని వదిలేసి, మద్రాసు వెళ్ళి, ఒక్కడే పల్లెపదాలతో గ్రామఫోను ప్లేట్లు ఇచ్చాడు. "ఇంత మెత్తని గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడండీ!" అని తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ ప్లేట్లే ఇప్పుడు నాటకమయ్యాయి.

నూకరత్నం ఆ ప్లేటు విన్నది ఆకివీడులో, హోటలు మైకులో. రెండు ముక్కలు విన్నదో లేదో నెత్తి మీది చేపల గంప వదిలేసింది. అది తన తమ్ముడు ఏడుకొండలు కట్టిన పాట. అందులో వాళ్ళ తాటిదోనె ఉంది. వాళ్ళమ్మ పేరుంది. మూడో ముక్క వినలేక చెవులు మూసుకుని పరుగెత్తింది. ఆ తర్వాత ఆ పాట ఎక్కడ మోగినా అంతే.

రెండేళ్ళ కిందట వాళ్ళ ఊరి పెద్దింట్లమ్మ తీర్థానికి నాటకమాడ వచ్చాడు గంగరాజు. ఏడుకొండలు పాడే పదాలు విని మనసు పారేసుకుని వాళ్ళింట్లోనే దిగిపోయాడు. నూకరత్నం చేతి చేపల పులుసు తిన్నాడు. అక్కా అని నోరారా పిలిచాడు.

ఆ వారమే కొల్లేట్లో వలలు వేసే హద్దు దగ్గర వాళ్ళ ఊరికీ అవతలి ఊరికీ కొట్లాట అయింది. తెడ్లతో తలలు పగలగొట్టుకున్నారు. బల్లేలతో కుళ్ళబొడుచుకున్నారు. అవతలి ఊరివాడు ఒకడు పేగులు బయటపడి చచ్చాడు. ఎవరి పోటో తేలలేదు గానీ, అవతలివాళ్ళు ఏడుకొండలు పేరే చెప్పారు. పోలీసులు దిగి, కనబడిన మగాణ్ణల్లా ఇంట్లోంచి ఈడ్చి చావబాదారు. ఏడుకొండలూ గంగరాజూ ఒకే దోనెలో పారిపోయారు. తిరిగొచ్చింది గంగరాజు ఒక్కడే.

"దోనె బోల్తా పడిందక్కా. తమ్ముడు దక్కలేదు," అన్నాడు నేల చూస్తూ.

నూకరత్నం రేవులో పడి పొర్లి పొర్లి ఏడ్చింది. ఆ ఏడుపు చూసి ఇనస్పెక్టరు కూడా టోపీ తీశాడు. శవం మాత్రం తేలనేలేదు.

ఆకివీడులో పాట విన్నాక గానీ ఆమెకు అసలు సంగతి అర్థం కాలేదు. పాట కోసమే వాడు తమ్ముడి పీక నొక్కి నీళ్ళలో తోశాడు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది తను. పగ తీర్చాల్సిందీ తనే.

స్టేజీ మీద దోనె పాట మొదలైంది. నూకరత్నం అరచేతులతో చెవులు గట్టిగా నొక్కుకుంది. వాడి నోట ఆ పాట వింటే అక్కడే గావుకేక పెట్టేలా ఉంది. పక్కనున్న తమ ఊరి సూర్యకాంతం మోచేత్తో పొడిచేదాకా పాట అయిపోయిందనే ఆమెకు తెలియలేదు.

అందరూ వల పట్టుకుని కదిలారు. చెక్కదోనెలో కూర్చున్న గంగరాజు మీద కప్పారు. కప్పుతూనే నూకరత్నం వంగి, వల చాటున కత్తిని అతని పక్కటెముకల కింద పిడి దాకా దింపింది. దింపి మెలితిప్పింది. వెచ్చటి రక్తం ఆమె మోచేతి దాకా కారింది.

"నా తమ్ముణ్ణి చంపి, వాడి పాటతో బతుకుతావట్రా?" అంది చెవిలో.

గంగరాజు గుర్తుపట్టాడు. కేక వెయ్యలేదు. పిడికిలి నోట్లో కుక్కుకుని, రెండో చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మెల్లగా అక్కా... ముందు వరసలో పోలీసులున్నారు," అన్నాడు పిడికిలి తీసి.

చచ్చేముందు కూడా వేషాలేనా అని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో పోటు పొడిచింది. అతను దోనెలోకి ఒరిగిపోయాడు.

జనానికి అదంతా నటన. డేరా ఈలలతో హోరెత్తిపోయింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!" ఈ జిల్లా ప్రేక్షకులు పాట నచ్చిందంటే చచ్చిపడ్డ పాత్రనైనా లేపి మళ్ళీ పాడించందే ఊరుకోరు.

"లేరా. ఇప్పుడు పాడు, చూస్తాను," అంది నూకరత్నం పళ్ళు బిగించి.

గంగరాజు కళ్ళు తేలేసే ఉన్నాయి, పెదవి కదల్లేదు. ఆమె వీపు వెనకే, బొమ్మలు గీసిన తెర అవతల చీకట్లో నిలబడి, ఏడుకొండలు దోనె పాట మళ్ళీ ఎత్తుకున్నాడు.