పూత

“ఫ్లోరైడా? వద్దండి డాక్టరు గారూ. లే అన్వితా, వెళ్దాం.” గురునాథం మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు.

డాక్టర్ శరణ్య చేతిలో చిన్న బ్రష్ ఆగిపోయింది. “రెండు దంతాల మీద తెల్లమచ్చలు పడ్డాయండి. ఇంకా పుచ్చలేదు. ఇది పూస్తే పైపొర గట్టిపడుతుంది.”

“మా బోరు నీళ్ళలో ఉందీ అదేగా! మా ఆవిడ పళ్ళు గారపట్టాయి, మోకాళ్ళు వంగిపోయాయి. చివరి ఆరేళ్ళూ నేనే ఎత్తి కూర్చోబెట్టాను.” గురునాథం మనవరాలి తల నిమిరాడు. “అందుకే దీనికి పుట్టినప్పటి నుంచీ క్యాను నీళ్ళే.”

శరణ్య మాస్కు కిందికి లాగింది. ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలు.

“మాదీ ఫ్లోరైడు నీళ్ళ ఊరేనండి, దర్శి పక్క పల్లె. ఏళ్ళ తరబడి బిందెలకొద్దీ ఆ నీళ్ళు తాగితే వచ్చాయివి. ఇప్పుడు వేసేది పంటిపైన పలచటి పూత, ఆర్నెల్లకోసారి. మా అమ్మాయికీ నేనే వేస్తాను.”

“తాతయ్యా, డాక్టరమ్మ పళ్ళు అచ్చం నానమ్మ పళ్ళే!” అంది అన్విత.

శరణ్యకు నవ్వొచ్చింది. వెంటనే అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గురునాథం ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. నలభై ఏళ్ళ కాపురంలో, భార్య నవ్వినప్పుడల్లా కొంగు అలాగే అడ్డం వచ్చేది.

“ఆ చెయ్యి తీసెయ్యమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “మా ఆవిడతో ఈ మాట ఒక్కసారీ అనలేదు నేను.”

మనవరాలి పక్కనున్న కుర్చీలో మళ్ళీ కూర్చున్నాడు. “పాపకి ఆ పూత వెయ్యి.”

అన్విత అప్పటికే నోరు తెరిచి ఉంది.