నడుమ జాగ

"నడుమ నన్ను పెట్టకుంటే నేను ఆడనే ఆడ, దేవదాసన్నా!" నర్మద బండ మీద కూలబడింది.

"నేను మాత్రం పక్కకుంటనా?" సృజన ఇంకో బండ చూసుకుంది.

జట్టులోని మిగతా ముగ్గురు అమ్మాయిలు పట్టుచీరల్లో ఎండకు నిలబడి, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు.

తప్పు దేవదాస్‌దే. పాట రాసేదీ, ఆడపిల్లల్ని ఏరి జట్టు కట్టేదీ, తీసి యూట్యూబులో పెట్టేదీ అతనే. ఊరుకోక మొన్న చానల్లో అడిగాడు, బతుకమ్మ పాటకు నడుమ ఎవరు నిలబడాలని. చూసేవాళ్లలో సగం మంది నర్మద అన్నారు, సగం మంది సృజన అన్నారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎంగిలిపూల బతుకమ్మ దగ్గరికొచ్చింది. ఇవాళ తీయకపోతే ఈ పాటకు మళ్లీ ఏడాదే.

"అన్నా, పొద్దు వంగుతుంది" అన్నాడు కెమెరా రంజిత్.

చింతచెట్టు నీడలో నర్మద తల్లి శంకరవ్వ, సృజన తల్లి సక్కుబాయి ఒక్క సంచిలోంచే పల్లికాయ ఒలుచుకుని తింటున్నారు.

"నడుమ ఉంటే ఏమొస్తది, పక్కకుంటే ఏం పోతది? గింత దానికి లొల్లా!" అంది శంకరవ్వ.

"ఫోన్ల కనవడంగనే నెత్తికెక్కింది, వదినా. మనం ఆడలేదా బతుకమ్మ? ఎవలన్న కొట్లాడినమా?" సక్కుబాయి నవ్వింది.

అటుగా వచ్చిన దేవదాస్ ఆ మాట విని అక్కడే ఆగిపోయాడు. "అక్కా, బతుకమ్మ ఆడితే నడుమ ఎవలుంటరు?"

"ఎవలుంటరు? బతుకమ్మ ఉంటది. గదిగూడ తెల్వకుంటనే పాట రాసినవా?" అంది శంకరవ్వ.

దేవదాస్ గబగబా వెనక్కి వచ్చాడు. "లేవుండ్రి లేవుండ్రి! నడుమ బతుకమ్మ. మీరైదుగురు సుట్టూ తిరుగుతరు. ఎవలు ముందు లేరు, ఎవలు ఎనుక లేరు. కెమెరా గూడ సుట్టే తిరుగుతది."

నర్మద లేచింది. ఆమె చీర అంచుకు పట్టిన పల్లేరుకాయను సృజన వంగి తీసి పారేసింది. అంతే. ఇద్దరూ చేతులు పట్టుకుని వరుసలోకి వచ్చారు.

దేవదాస్ ఊపిరి పీల్చుకున్నాడు. "అక్కా, ఆటోల పూలున్నయి. జర జల్ది ఒక బతుకమ్మ పేర్వుండ్రి."

"ఒంటిగ పెట్టద్దు తమ్మీ. పెద్ద బతుకమ్మకు పక్కన తోడు బతుకమ్మ ఉండాలె" అంది సక్కుబాయి.

తల్లులిద్దరూ చెరో పళ్లెం ముందేసుకున్నారు. తంగేడు, గునుగు, బంతి. వరుస మీద వరుస. సక్కుబాయి ఒక వరుస పేరిస్తే, శంకరవ్వ ఓరకంట చూసి రెండు వరుసలు పేర్చింది. పల్లికాయ సంచి ఎటో దొర్లిపోయింది. మాటలు ఎప్పుడు ఆగిపోయాయో దేవదాస్ గమనించలేదు. పిల్లలకు పల్లవి చెప్పి తిరిగి చూసేసరికి రెండు బతుకమ్మలూ మోకాలెత్తు దాటాయి.

"చాలక్కా, చాలు! ఇందుల పెద్దది ఏది, తోడు ఏది?"

సక్కుబాయి ఇంకో దోసెడు గునుగు అందుకుంది.

శంకరవ్వ కొంగు దోపుకుని లేచి నిలబడింది.

"నడుమ నా బతుకమ్మను పెట్టకుంటే, నా బిడ్డను ఆడనియ్య తమ్మీ."