ద్రాక్షతోటల దారిలో లిదియమ్మ

సైకిలెక్కే ముందు లిదియమ్మ కళ్ళు మూసుకుని ప్రయాణ ప్రార్థన చేసింది. ఆ సైకిలు ఆత్మకూరులో, వాళ్ళ ఇంటి హాల్లో, టీవీ ఎదురుగా నేలకు బిగించి ఉంది.

మోకాలి ఆపరేషనై నెల దాటింది. తొక్కితే పెడలు సగం తిరిగి ఆగిపోతోంది. సోమవారానికి నిండుగా ఒక చుట్టు తిరగకపోతే మళ్ళీ మత్తిచ్చి కాలు వంచుతామన్నాడు డాక్టరు. ఆమెకు హుషారు రావాలని భర్త కొండలయ్య, ఫ్రాన్సు పల్లెల్లో సైకిళ్ళ మీద తిరిగేవాళ్ళ వీడియో పెట్టాడు.

రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్షతోటలు.

“ఇన్ని గుత్తులుండాయి, కోసే మనిషి ఒక్కడూ లేడేందయ్యా?”

“కోత విస్తారమే గాని పనివారు కొద్దిగా ఉన్నారు. మత్తయి సువార్త తొమ్మిది. నువ్వు తొక్కు.”

కొండ మీద కోట కనిపించింది.

“మన ఉదయగిరి కోట ఇంకా ఎత్తు,” అని ఆమె కాలు ఆపేసింది.

మలుపు తిరగగానే సైకిళ్ళవాళ్ళు ఒక తోట ముందు దిగి, గ్లాసుల్లో ఎర్రటి ద్రాక్షారసం పోసుకున్నారు.

“ఛీ! తాగేచోట నన్ను నిలబెట్టినావేందయ్యా!”

లిదియమ్మ ముఖం తిప్పుకుని, పళ్ళు బిగించి, అక్కణ్ణుంచి పారిపోవడానికి తొక్కింది. పెడలు నిండుగా తిరిగింది. మళ్ళీ తిరిగింది. టీవీలో వాళ్ళు సీసా ఖాళీ చేసి బయల్దేరారు.

“తప్పించుకున్నాం,” అని ఆమె కాలు ఆపింది.

కొండలయ్య చర్చిలో సంఘపెద్ద. ఇరవై ఏళ్ళుగా తాగుడు మీద నిప్పులు కురిపించిన నోరు అతనిది. ద్రాక్షారసం ఎర్రబడినప్పుడు దానివైపు చూడవద్దన్న వాక్యం అతనికి కంఠస్థం.

అతను రిమోటు అందుకుని, వాళ్ళు మళ్ళీ పోసుకునేలా వీడియో వెనక్కి తిప్పాడు.