సరదా ఆటగాడు

నా కాలు విరగ్గొట్టినవాడే దాన్ని అతికించడానికి వచ్చాడు. ఊళ్ళో ఎముకల డాక్టరు ఆయనొక్కడే మరి.

ఎండాకాలం క్రికెట్, వానాకాలం ఇండోర్ టెన్నిస్, చలికాలం దేశంలోకెల్లా పెద్ద లీగ్‌లో ఫుట్‌బాల్. అన్నీ సరదాకే, పైసా పుచ్చుకోడు.

తెల్లకోటు కింద ఎదుటి జట్టు నిక్కరు ఇంకా బురదతోనే ఉంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"మీకది కాలక్షేపం డాక్టరుగారూ, నాకు కూడు. మళ్ళీ ఆడతానా?"

ఆయన నా పాదం రెండు చేతులా పట్టుకుని, వేళ్ళు కదిలించమన్నాడు. కదిలించాను. పాదమంతా గజగజ వణికిపోతోంది.

"ఆడతావు తమ్ముడూ," అన్నాడు.

పాదాన్ని మెల్లగా దిండు మీద పెట్టాడు. వణుకు ఠక్కున ఆగిపోయింది. ఆయన చేతుల్లో మాత్రం ఆగలేదు.

"నేనే ఇక ఆడలేను."