వకీలు వద్దన్న రోజు

“బిడ్డా, నీ మొగన్ని ఎందుకు పట్కచ్చిండ్రో కాయితం మీద రాసిచ్చిండ్రా?”

ఠాణా గేటు పక్కన, రేకుల కింద కూసున్న ముసలమ్మ అడిగింది.

నవత తిరిగి చూసింది. ఎన్నడూ చూడని మొకం. మాసిన చీర. కాళ్లకు చెప్పుల్లేవు.

“నీకెందుకు?” అన్నది.

“రాసియ్యాలెనట బిడ్డా. అడుగు. ఒక్క దినం దాటకముందే జడ్జి ముందట నిలబెట్టాలెనట. ఫీజు తీసుకోని వకీలమ్మ ఉన్నది కోర్టుల. మమతారాణి మేడం. మీరు ఊఁ అంటె ఇప్పుడే వస్తనన్నది.”

నవత రోడ్డు దిక్కు చూసుకుంట నిలబడ్డది.

ఆమె భర్త లక్ష్మణ్ బియ్యం మిల్లుల ట్రాలీ ఆటో నడుపుతడు. ఇయ్యాల పొద్దుగాల చాయ తాగుతుంటె పోలీసులు వచ్చి తీస్కపోయిండ్రు. మిల్లు కూలీ మల్లన్నను ఇనుప రాడుతోని కొట్టి చంపిండని కేసు.

మల్లన్న ఎక్కడినుంచో వచ్చి మిల్లు షెడ్డులనే ఉంటున్న మనిషి. అతని వాళ్లెవరో ఎవరికీ తెల్వదు.

“నెత్తురు మడుగుల పడి ఉంటె నేనే దవఖానకు తీస్కపోయిన. దారిల పాణం పోయింది” అని లక్ష్మణ్ ఎంత మొత్తుకున్నా ఎవరూ ఇనలే.

గేటు ముందట కారు ఆగింది. మిల్లు ఓనరు విద్యాధర్ రావు దిగిండు.

నవత ఉరికి పోయి దండం పెట్టింది.

“సారూ, వకీలును పెట్టాల్నట...”

“ఎవరు చెప్పిండ్రు? వకీలొస్తె కేసు పెద్దగైతది. ఎస్సై నాకు తెలిసినోడే. వాళ్లు రాసిన కాయితం మీద సంతకం పెట్టుమను. రేపు జడ్జి అడిగితె నన్నెవరూ కొట్టలే, వకీలు వద్దు అనుమను. ఫికర్ చెయ్యకు. పది దినాలల్ల ఇంటికి తోలుకొస్త.”

ముసలమ్మ లేసి దగ్గరికొచ్చింది.

“సంతకం పెట్టనియ్యకు బిడ్డా. నాకు తెలిసిన ముచ్చటొకటి ఉన్నది. పోలీసోళ్లకు చెప్పిన, రాసుకోలే. వకీలమ్మ వస్తె ఆమె ముందటనే చెప్త. జర ఇను.”

విద్యాధర్ రావు ఆమెను చూసి ఒక్క ఘడియ ఆగిండు. తర్వాత నవ్విండు.

“పిచ్చిది. ఠాణాల పొంట తిరుగుతది. ముందుగాల దీన్ని వెళ్లగొట్టు.”

పొద్దుగాలటినుంచి తిండి లేని నవతకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

“నా బతుకు ఆగం చేసుడు నీకు తమాషాగున్నదా ముసల్దానా? నీకో కొడుకుండి, వాడు పాణం మీదికి తెచ్చుకుంటె తెలుస్తుండె!”

రెండు చేతులతోని నూకింది.

ముసలమ్మ కంకర మీద బోర్లా పడ్డది. మోచేయి చీరుకపోయింది. కానిస్టేబుల్ చూసి మొకం తిప్పుకున్నడు. ఎవరూ లేవట్టలే.

ఆమే మెల్లగ లేసింది. కొంగు నోట్లె కుక్కుకొని, మళ్ల రేకుల కిందికి పోయి కూసున్నది.

నవత లోపలికి పోయింది. లక్ష్మణ్ పెదవి వాచి ఉన్నది. నిలబడలేకపోతుండు.

“నేనేం చెయ్యలే నవతా.”

“తెలుసు. సారు చూసుకుంటడు. పెట్టు సంతకం.”

రాడు దాచిన జాగ లక్ష్మణే చూపిచ్చినట్టు ఆ కాయితంల రాసి ఉన్నది. అతను సదవకుండనే సంతకం పెట్టిండు.

తెల్లారి కోర్టుల జడ్జి అడిగిండు.

“పోలీసులు కొట్టిండ్రా?”

“లేదు సార్.”

“వకీలు కావాల్నా? ఉచితంగ ఇస్తం.”

లక్ష్మణ్ తలకాయ తిప్పి నవత దిక్కు చూసిండు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది.

“వద్దు సార్.”

కరీంనగర్ జైలుకు తీస్కపోయిండ్రు.

పది దినాలైంది. నెలైంది. విద్యాధర్ రావు ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండు. మిల్లు గేటు కాడ వాచ్‌మన్ నవతను లోపలికి పోనియ్యలే.

మూడో నెల చార్జిషీటు వచ్చింది. మొదటి సాక్షి విద్యాధర్ రావు. లక్ష్మణ్ రాడుతోని కొడుతుంటె కళ్లార చూసిన అని చెప్పిండు.

నవత ఏడ్చుకుంట మమతారాణి ఆఫీసుకు ఉరికింది.

“మేడం, ఠాణా కాడ ఒక ముసలమ్మ ఉండె. ఏందో తెలుసన్నది. ఆమెను పిలిపియ్యుండ్రి.”

మమతారాణి చేతిలున్న ఫైలు మూసి పక్కకు పెట్టింది.

“ఆమె పోయిన నెల చనిపోయిందమ్మా. జరమొచ్చి.”

“ఏం చెప్తుండె మేడం?”

“మల్లన్న ఆటో వెనుక పండుకొని ఆమెకు ఫోన్ చేసిండు. ‘మిల్లు సారు రాడుతోని కొట్టిండు. లక్ష్మణన్న ఒక్కడే లేవట్టి దవఖానకు తీస్కపోతుండు’ అన్నడట. ముందట బండి నడుపుతున్న నీ మొగనికి ఇనబడలే.”

నవత ముసలమ్మను నూకిన తన చేతుల దిక్కు చూసుకున్నది.

“గీ మాట చెప్పనీకి ఉట్నూర్ దిక్కునుంచి వచ్చింది. మంచి చేసినోడు జైలుకు పోవద్దని నా కాళ్లు పట్టుకున్నది. వకాల్తు కాయితం మీద లక్ష్మణ్ సంతకం లేంది కేసు నేనెట్ల పట్టుకోవాలె? వకీలు వద్దని జడ్జి ముందట మీరే అంటిరి. ఇప్పుడు చెప్పెటోళ్లు లేరు.”

 నవత తలెత్తి అడిగింది.

“మల్లన్న ఆమెకెందుకు ఫోన్ చేసిండు మేడం?”

“పాణం పోయేటప్పుడు కన్నతల్లికి కాక ఎవరికి చేస్తడమ్మా?”