ఏ దేవుడూ ఎక్కని జంతువు

బుల్లిబాబుకి ఐదో పుట్టినరోజుకి ఏనుగు కేకు కావాలి. కుదరదంది నాయనమ్మ భ్రమరాంబ.

"వినాయకుణ్ణి కత్తి పెట్టి కోస్తార్రా ఎక్కడైనా?"

వాడు చేప అన్నాడు. అది మత్స్యావతారం. తాబేలు కూర్మావతారం. నెమలి మీద కుమారస్వామి తిరుగుతాడు. పిల్లి షష్ఠీదేవి వాహనం, పిల్లల్ని కాపాడేది ఆవిడే. కుక్క పక్కన కాలభైరవుడు ఉంటాడు.

"అయితే దున్నపోతు," అన్నాడు బుల్లిబాబు.

"పుట్టినరోజు నాడా?"

చివరికి వాడు బొమ్మల పుస్తకం తెచ్చి జిరాఫీ మీద వేలు పెట్టాడు. భ్రమరాంబ కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"ఇదెవరి వాహనం?"

"ఎవరిదీ కాదండీ అత్తయ్యగారూ," అంది కోడలు రాజరాజేశ్వరి.

"కాదులే. ఆ మెడ పట్టుకుని ఎవరెక్కుతారు. కానియ్యండి."

జంతువు తేలింది. రాజరాజేశ్వరికి అసలు చిక్కు అక్కడే మొదలైంది. కేకు ఎలా చెయ్యాలో లేడీస్ క్లబ్బులో రాసుకొచ్చిన చీటీలో ఆరు గుడ్లు అని ఉంది.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ పలకరు. ఆగస్టులో భ్రమరాంబ జ్వరం తగ్గిన నీరసంతో కాకినాడ నుంచి వచ్చింది. ఫ్యాక్టరీ డాక్టరు మందులతో పాటు ఆ మాట కూడా అన్నాడు. ఆవిడ ఇంటికొచ్చి ట్రంకు పెట్టె సర్దుకుంది. కొడుకు భీమేశ్వరరావు రెండు రోజులు సెలవు పెట్టి బతిమాలితే ఆగింది.

"మళ్లీ ఆ మాట వినపడిందా, లింగంపల్లిలోనే రైలెక్కేస్తాను. సికింద్రాబాదు దాకా కూడా ఆగను," అంది.

ఫ్యాక్టరీ క్వార్టర్స్ దుకాణంలో కొంటే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. మిగిలింది ప్రహరీ అవతల సక్కుబాయి. ఆవిడకి కోళ్లున్నాయి. కానీ భ్రమరాంబ రోజూ పొద్దున్నే పూలసజ్జ పట్టుకుని మందారాలకి వెళ్లేది కూడా ఆ పెరటికే. అందుకని రాజరాజేశ్వరి మధ్యాహ్నం, అత్తగారు పడుకున్నాక వెళ్లింది.

"గురువారం పొద్దుటికి ఆరు కావాలి సక్కుబాయ్. మా అత్తగారికి తెలియకూడదు."

"నాలుగే ఐతయమ్మా. తక్కిన రెండు ఒకామెవి. రోజు తీస్కుంటది."

"ఒక్కరోజు సర్దుకోమను."

"అడుగుత. గట్టి మనిషి, ఇస్తదో ఇయ్యదో."

"ఎవరావిడ?"

"మీరొచ్చినట్టు ఆమెకు చెప్ప. ఆమె ఎవరో మీకు చెప్ప. గట్ల చెప్పుకుంట పోతె నా దగ్గరికి ఎవరొస్తరు?"

"పోనీ, పిల్లాడి పుట్టినరోజు కేకుకని చెప్పు."

"గది చెప్త. ఫికర్ చెయ్యకున్రి."

గురువారం పొద్దున భ్రమరాంబ పూజలో ఉండగా సక్కుబాయి పెరటి తలుపు దగ్గర కొంగు విప్పింది. ఆరున్నాయి.

"ఇచ్చిందా ఆవిడ?"

"పిల్లగాని కేకంటె మారు మాట్లాడలె. నవ్వింది గూడ."

మధ్యాహ్నం భ్రమరాంబ పురాణం వినడానికి బయల్దేరింది. గడప దాటి మళ్లీ వెనక్కి తిరిగింది.

"ఐదు దాటాకే వస్తాను."

"అలాగేనండీ."

"దాటాకే. కిటికీలు తీసి ఉంచు. ఇంట్లో గాలాడాలి."

అది డిసెంబరు. రాజరాజేశ్వరి శాలువా కప్పుకుని కిటికీలు తెరిచింది.

డేక్సాలో ఇసుక పోసి, అందులో పిండి గిన్నె దింపి, మూత వేసి కిరసనాయిలు స్టవ్ మీద పెట్టింది. గంటకి కేకు పొంగింది. కాగితం మీద గీసుకున్న బొమ్మ ప్రకారం ఒళ్లు, కాళ్లు, మెడ కోసింది. మెడ రెండుసార్లు విరిగింది. మూడోసారి కొత్త చీపురుపుల్ల గుచ్చి నిలబెట్టింది. బెల్లం పాకంతో మచ్చలు వేసింది. ఎండుద్రాక్షతో కన్ను పెట్టింది. పెంకుల్ని మొగుడి టిఫిను డబ్బాలో దాచింది, మర్నాడు ఫ్యాక్టరీలో పారేయించడానికి.

భ్రమరాంబ ఐదుంపావుకి వచ్చింది. ఆరింటికి క్వార్టర్స్ పిల్లలు పన్నెండు మంది చేరారు.

"ఇది ఒంటె," అన్నాడు ఒకడు.

"జిరాఫీరా. దీన్ని ఏ దేవుడూ ఎక్కడు," అన్నాడు బుల్లిబాబు.

ముందు కాళ్లు పోయాయి. తర్వాత ఒళ్లు సగం పోయింది. రాజరాజేశ్వరి ఊపిరి పీల్చుకుంటుండగా వెనక నుంచి మాట వినపడింది.

"నాకూ ఓ ముక్క పెట్టమ్మాయ్."

కత్తి ఆగింది. భీమేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు.

"నీకు పడదేమోనమ్మా. మైదా."

"నిన్నడగలేదు. ఏమేం వేశావమ్మాయ్?"

"మైదా, పంచదార, వెన్న, పాలు," అంది రాజరాజేశ్వరి.

"అంతేనా?"

"అంతేనండీ."

భీమేశ్వరరావు తిరగని ఫ్యాను వైపు చూశాడు.

"అయితే మెడ దగ్గరిది పెట్టు."

వద్దంటే ఎందుకో చెప్పాలి. పెడితే ఆ పాపం తనది. రాజరాజేశ్వరి అతి చిన్న ముక్క కోసి పళ్లెంలో పెట్టింది. భ్రమరాంబ నిదానంగా నమిలింది. పుల్ల తీసి పక్కన పెట్టింది. పళ్లెం మళ్లీ చాపింది.

"ఈసారి కాస్త మనిషి తినేంత పెట్టు."

పిల్లలు వెళ్లిపోయారు. రాజరాజేశ్వరి వంటింట్లో డేక్సాలోని ఇసుకని డబ్బాలోకి వొంపుతోంది. భ్రమరాంబ వచ్చి, మర్నాటి పూలకి సజ్జ దులిపి మేకుకి తగిలించింది. అటు తిరిగే అంది:

"బాగా పొంగిందమ్మాయ్. రేపట్నుంచి మాత్రం నా రెండూ నాకు ఉంచమని సక్కుబాయితో చెప్పు."