లోపలికి వెళ్ళిన మనిషి

అన్నం కేరియర్ ఐసోలేషన్ వార్డు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

తెచ్చిన వార్డుబాయ్ దాన్ని బల్ల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, "వస్తానండి సెక్రటరీ గారూ" అన్నాడు.

"లోపల ఇచ్చి వెళ్ళవయ్యా," అన్నాడు అప్పాజీ.

"మెంబర్లెవరూ లోపలికి వెళ్ళకూడదని మీరే కదండీ అన్నారు."



అన్న మాట నిజమే. స్వైన్ ఫ్లూ గోదావరి దాటి వచ్చిందనగానే పెద్దాసుపత్రిలో ఈ వార్డు తెరిచారు. వార్డుబాయ్‌లు, ఆయాలు, స్వీపర్లు వచ్చి, పిల్లలు గలవాళ్ళం, మమ్మల్ని అందులోకి తోయకండి అన్నారు. వాళ్ళ సంఘానికి అప్పాజీ కార్యదర్శి. సూపరింటెండెంటు గది ముందు బైఠాయించాడు. సాయంత్రానికల్లా గెలిచాడు.

మెంబర్లకి ఆ వార్డు డ్యూటీ రద్దు. మంచి మాస్కులు మెంబర్లకే. మెంబరు ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా సంఘం తరపున కేరియర్. సంఘమంటే అలా ఉండాలన్నారు అందరూ. దండలు వేశారు. యానాం నుంచి మందు సీసాలు కూడా వచ్చాయి.

"మరి లోపలున్న రోగులకి ఎవరు చేస్తారండీ?" అని హెడ్ నర్సు లలితాంబ ఒక్కతే అడిగింది.

"కాంట్రాక్టరు చూసుకుంటాడు లెండి."

కాంట్రాక్టరు తర్వాత తీరిగ్గా మనుషుల్ని పంపాడు. వాళ్ళూ ప్రాణాలమీద తీపి ఉన్నవాళ్ళే. ఒక్కొక్కరే జారుకున్నారు.

ఇప్పుడు ఆ వార్డులో అప్పాజీ కూతురు హారతి ఉంది. డిగ్రీ చదువుతున్న పిల్ల. ఆ జబ్బు పేరు చెబితే ప్రైవేటు ఆసుపత్రులు గేటు కూడా తియ్యలేదు.

"మీరే లోపలికి రండి. స్టాఫేగా, గౌను ఇస్తాను," అంది లలితాంబ.

అప్పాజీ ఓ అడుగు వెనక్కి వేశాడు.

"సెక్రటరీని, నేనే తీర్మానం తప్పితే ఎలాగండీ?" అన్నాడు. భయానికి ఎంత చక్కటి పేరు దొరికిందో.

అంతలో వార్డు తలుపు తెరుచుకుంది. మాసిన పంచె, మూతికి అడ్డంగా తువ్వాలు కట్టుకున్న ఓ పెద్దాయన వచ్చి కేరియర్ అందుకున్నాడు.

"ఏమయ్యా, కాంట్రాక్టరు మనిషివా? పేరేంటి?"

"లాజరండి."

"లోపల హారతి అని మా అమ్మాయి ఉంది. నేను అప్పాజీని. యూనియన్ సెక్రటరీని."

"తెలుసండి."

ఈ ఆసుపత్రిలో తనని ఎరగనివాడెవడు అనుకున్నాడు అప్పాజీ. అంత దిగుల్లోనూ కాస్త పొంగిపోయాడు.

"కాస్త కనిపెట్టుకుని ఉండు. నీ రుణం ఉంచుకోను."

"చూసుకుంటానండి," అని లాజరు తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత అప్పాజీకి కూతురి కబురు ఆ తువ్వాలు మాటునుంచే తెలిసేది.

"ఇయ్యాళ గంజి తాగిందండి."

"ఆయాసం తగ్గిందండి."

"లేచి కూర్చుందండి. మిమ్మల్ని అడిగింది."

ఆ మాటకి అప్పాజీకి ఏడుపొచ్చింది. పట్టలేని సంతోషంలో దొడ్డమనసు కూడా వచ్చేసింది.

"నిన్ను పర్మనెంట్ చేయిస్తానయ్యా. సంఘంలో చేర్చుకుంటాను. అప్పుడు నీకూ మంచి మాస్కు వస్తుంది."

"నాకెందుకండి."

"పిచ్చివాడిలా ఉన్నావే," అని నవ్వాడు అప్పాజీ.

హారతి ఇంటికొచ్చింది. సంఘం అండతో మెంబరు కూతురు క్షేమం అంటూ ఆసుపత్రి గేటుకి ఫ్లెక్సీ కట్టారు. అందులో అప్పాజీ చేతులు జోడించి నిలబడ్డాడు.

"ఆ తాత లేకపోతే నేను లేను నాన్నా," అంది హారతి. "దగ్గొస్తే లేపి కూర్చోబెట్టి, తగ్గేదాకా వీపు రాస్తూ ఉండేవాడు. నేను వచ్చేటప్పటికి ఆయనకీ దగ్గు మొదలైంది. ఓసారి వెళ్ళి చూడవూ?"

"వెళ్దాంలే."

సన్మానాలు, మీటింగులు. వెళ్దాంలే అంటూనే రోజులు గడిపేశాడు. చివరికి కూతురు పోరు పడలేక, తాపేశ్వరం కాజాలు పట్టుకుని వార్డుకి వెళ్ళాడు. గుమ్మం ఇవతలే ఆగాడు.

"లాజరుని ఓసారి పిలుస్తారా?"

లలితాంబ ఆ పొట్లం వంక చూసింది.

"పోయాడండి. నిన్న పొద్దున."

అప్పాజీ నిజంగానే బాధపడ్డాడు. బాధపడితే కేకలెయ్యడం ఆయనకి అలవాటు. సెల్ తీసి కాంట్రాక్టరు మీద విరుచుకుపడ్డాడు.

"నీ మనిషి పోతే చెప్పవా? అతని ఇంటివాళ్ళకి ఏమన్నా చెయ్యొద్దా?"

"లాజరా? నా దగ్గర ఆ పేరుగలవాడెవడూ లేడండి. నావాళ్ళంతా ఎప్పుడో పారిపోయారు కదా."

అప్పాజీ సెల్ జేబులో పెట్టుకున్నాడు.

"మరి ఆయన ఎవరండీ?"

"ఎవరూ పంపలేదండి. జీతమూ లేదు. లోపల ఉండనివ్వమని తనే అడిగాడు. మనిషి దొరకడమే గొప్పని నేను సరే అన్నాను."

"ఎందుకడిగాడు?"

లలితాంబ వార్డు తలుపు వైపు చూసింది. లోపల ఎవరో దగ్గుతున్నారు.

"నరసాపురం దగ్గర పల్లెటూరు నుంచి చిట్టెమ్మ అని ఓ పేషెంటు వచ్చిందండి. మీరు గెలిచిన సాయంత్రం మీవాళ్ళంతా వెళ్ళిపోయారు. నేనొక్కదాన్ని పక్కగదిలో ఇంకొకరికి ఆక్సిజన్ పెడుతున్నాను. గుక్కెడు నీళ్ళిమ్మని పిలిచి పిలిచి పోయిందావిడ."

అప్పాజీ చేతిలో పొట్లం బరువెక్కింది.

"బయటివాళ్ళు లోపలికి రాకూడదని మేం ఆపేస్తే, ఇప్పుడు మీరు నిలబడ్డ చోటే నిలబడి ఆ పిలుపులన్నీ విన్న ఆవిడ భర్తేనండి లాజరు."